తెర మీద దిష్టిచుక్క

"మద్దెలో టైరు పంచరైతే ఏం జేస్తావే భాగ్యా?" అన్నది రుద్రమ్మ.

బస్సు ఇంకా ఎమ్మిగనూరు బస్టాండులోనే ఉంది. డ్రైవరు కింద నిలబడి టీ తాగుతున్నాడు. టైర్లన్నీ నిండా గాలితో నేల మీద కుదురుగా ఉన్నాయి. కూతురు భాగ్య ల్యాప్‌టాప్ సంచిని చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సంచి జిప్పు ఇంకోసారి సరిచూసుకుంది. ఉల్లిగడ్డల మూటతో ఎక్కి వెనక సీట్లో కూర్చున్న ముసలామె మాత్రం, "బయల్దేరకముందే ఆ మాటలేందమ్మా, నోరు మంచి చేసుకో" అని గొణిగింది.

అట్లా అనకూడదని రుద్రమ్మకూ తెలుసు. అనకపోతేనే జరుగుతుందని ఇంకా గట్టిగా తెలుసు. ఏ చెడునైనా ముందుగానే నోటితో అనేస్తే, దాని గుట్టు బయటపడినట్టై అది సిగ్గుపడి వెనక్కి పోతుందని ఆమె నమ్మకం. ఇన్నేళ్ళుగా గ్యాసు పేలుతుందేమో అన్నది, పేలలేదు, మగ్గం గుంతలోకి పాము దిగుతుందేమో అన్నది, దిగలేదు, రోజూ ఇదే బస్సులో ఆదోనికి పోయి వచ్చే పిల్ల ఈ పొద్దు రాదేమో అని ప్రతి సాయంత్రం వాకిట్లో నిలబడి అన్నది, ప్రతి సాయంత్రం పిల్ల వచ్చింది. ఇంటిల్లిపాదీ తిన్నది అరిగించుకుని బతుకుతున్నారంటే అది తన నోటి పుణ్యమే. ఎవరికైనా చెబితే నవ్వుతారు. భర్త వీరభద్రప్పయితే మగ్గం మీద నుంచి తలెత్తకుండానే, "ఈ పొద్దు దేనికి భయపడల్లో సెప్పు, నేను గూడా తయారుగుంటా" అంటాడు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. భయపడటం కూడా ఒక పనే, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం లాంటిదే, ఒకటి నిండితే ఇంకొకటి చేతిలోకి వస్తుంది, భుజం లాగుతున్నా ఆపడానికి లేదు, ఆపితే మగ్గం ఆగుతుంది. ఒక్కరోజు, ఒక్క పూట, ఎవరైనా వచ్చి నువ్వు లేమ్మా, ఈ పూటకు నేను భయపడతాలే అంటే ఎంత బాగుండును. కొంగు పరుచుకుని పడుకునేది. ఇప్పుడు అనాల్సిన మాట టైరు గురించి కాదు. అసలు మాట గొంతులోనే అడ్డంగా ఉంటే, దాని పక్క నుంచి టైరు జారి బయటికి వచ్చింది, అంతే.

బస్సు కదిలింది. "కార్డులు తీయండమ్మా, ఆధార్ కార్డులు" అంటూ కండక్టరు వచ్చాడు. ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవని తెలిసినా రుద్రమ్మ కొంగు ముడి తడుముకుంది, కార్డు తెచ్చిందో, బియ్యం డబ్బా మీదే మరిచిపోయిందో, కార్డు లేకపోతే పత్తిచేల మధ్య దింపేస్తారో, దింపేస్తే పిల్ల కూడా తనతో దిగిపోవాల్సి వస్తుందో, అప్పుడు ఆ కంపెనీవాళ్ళు, అయ్యో. కార్డు రవికలోనే ఉంది, చెమటకు తడిసి. కండక్టరు కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఏమక్కా, కార్డులో గూడా ఇట్లే బెదురుకోని ఉండావే. ఫొటో తీసినోడు ఏమన్నా తిట్టినాడా ఏంది?" అన్నాడు. వెనక ముసలామె పకపకా నవ్వింది. భాగ్య పెదవి చివర ఏదో కదిలి అక్కడే ఆగిపోయింది. రుద్రమ్మ కార్డు లాక్కుని గబుక్కున చెయ్యి చెంపకు ఆనించుకుంది. తను పంటినొప్పి మనిషి కదా. పొద్దున అట్లా చెప్పే బయల్దేరింది, "నేను గూడా వస్తా, పన్ను పీకుతాంది, ఆదోనిలో డాక్టరుకు సూపిచ్చుకోవల్ల" అని. ఏ పక్క అని భాగ్య అడిగితే ఎడమ చెంప చూపించింది. ఇప్పుడు చూస్తే చెయ్యి కుడి చెంప మీద ఉంది. మెల్లగా మార్చుకుంది. భాగ్య చూసిందో లేదో తెలియలేదు, పిల్ల కళ్ళు బయట ఉన్నాయి, పెదవులు మాత్రం చప్పుడు లేకుండా ఆడుతున్నాయి, ఏదో పాఠం అప్పచెప్పుకుంటున్నట్టు. పొద్దుటి నుంచీ అంతే. అన్నం పెడితే తిన్నది, నీళ్ళిస్తే తాగింది, మాట మాత్రం లేదు. కోపమేమో. తెలిసిపోయిందేమో. తెలిస్తే ఊరుకుంటుందా, అరిచేది కదా. అరిచినా బాగుండును.

ఆదోని వచ్చేలోగా చెప్పాలి. వచ్చాక చెబితే లాభం లేదు. ఆదోనిలో భాగ్య పనిచేసే ఫ్లెక్సీల షాపు పైగదిలో, నెట్టు బాగా వచ్చేచోట, నాలుగు గంటలకు బెంగళూరు కంపెనీవాళ్ళు వీడియోలో మాట్లాడతారు. వాళ్ళ కళ్ళ ముందు భాగ్య చేసిన బొమ్మలుంటాయి. ఒక్కొక్కటే చూస్తారు, ఇది ఎట్లా చేశావు, ఎందుకు చేశావు అని అడుగుతారు. అన్నిటికన్నా ముందుండే బొమ్మ మీద, ఉండకూడని చోట, ఒక నల్లటి చుక్క ఉంటుంది. ఆ చుక్క పెట్టింది రుద్రమ్మ.

చేసిన పనిలో మంచిదంతా ఒకచోట పేర్చి, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చూసుకోవడానికి నెట్టులో పెట్టే దాన్ని పోర్ట్‌ఫోలియో అంటారట. ఆ పేరు నోరు తిరగక రుద్రమ్మ పేజీ అంటుంది. వీరభద్రప్ప సైటు అంటాడు. "సైటు తీసుకుంటివంటనే, హద్దులు సూపిచ్చు, సుట్టూ కంప నాటిస్తా" అని కూతురిని ఆట పట్టిస్తాడు. మొదట ఆ పిల్ల తను చేసినవన్నీ ఒక కట్టగా చేసి హైదరాబాదులో ఏదో కంపెనీకి పంపింది, పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్ళి పత్రికలు, బిర్యానీ హోటలు బోర్డు, ఆంజనేయులు మాస్టరు ట్యూషన్ల కాగితం, ఏదీ వదలకుండా. చాలా రోజులకు వాళ్ళు ఒక్క ముక్క రాశారు, పనిలో శుభ్రత చాలదని. భాగ్య దాన్ని పైకి చదివి వినిపించి ల్యాప్‌టాప్ మూసింది, మూసింది మూసినట్టే ఉంది ఎన్నాళ్ళో. శుభ్రత. రుద్రమ్మ ఆ మాటను మరిచిపోలేదు. గిన్నెలు తోముతుంటే శుభ్రత, నూలు తడుపుతుంటే శుభ్రత. ఊడ్చిన ఇంటినే మళ్ళీ మళ్ళీ ఊడ్చింది, తమ ఇంట్లో ఎగిరే నూలు దుమ్మే ఆ పిల్ల పనిలోకి పోయి పడిందేమో అన్నట్టు. ఏడో తరగతి దాకా చదివిన తనకేం తెలుసు, కంప్యూటరులోకి దుమ్ము ఎట్లా పోతుందో ఎట్లా పోదో.

ఆ తర్వాత ఒక సాయంత్రం తనంతట తనే లేచి పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చేర్చడం కాదు, తీసేయడం. షాపులో అందరూ మెచ్చిన ఫ్లెక్సీలు తీసేసింది. ఎందుకే అది బాగుండె కదా అంటే, "అన్నీ పెడితే ఏదీ చూడరు మా" అన్నది. వంటింటి గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ రుద్రమ్మ ఆ తీసివేతలు చూసేది, ఒక్కొక్కటి పోతుంటే గుండెలో ఒక్కొక్కటి తగ్గినట్టయ్యేది, ఇంత తక్కువ పెడితే దీనికి పనే రాదనుకోరా, సగం ఖాళీ పేజీ చూసి ఎవరు పిలుస్తారు. ఖాళీ ఉండాలట, కంటికి ఊపిరాడాలట. చివరికి మిగిలిన కొన్నిటిలో అన్నిటికన్నా ముందు పెట్టింది వాళ్ళ నాయన అంచును. వీరభద్రప్ప పడుచుతనంలో గళ్ళ కాగితం మీద గీసుకుని నేసిన అంచు అది, ఎర్రటి మీద చిన్న తెల్లపువ్వూ దాన్ని పట్టుకుని పాకే తీగా. ఇప్పుడు దాన్ని ఎవరూ అడగరు. భాగ్య దాన్ని కంప్యూటరులో కొత్తగా గీసింది, తీగను కొంచెం సాగదీసింది, పువ్వును మాత్రం ముట్టుకోలేదు. కాగితం సంచుల మీద, దిండ్ల మీద, గోడల మీద ఆ పువ్వు ఎట్లుంటుందో చేసి చూపింది. పాత చీరను ఫొటో తీయడానికి మిద్దె మీదికి తీసుకుపోయి, "ఇట్ల పట్టుకో మా, ఇంగ కొంచెం పైకి, కదలద్దు" అని ఎండలో నిలబెట్టింది. చేతులు పడిపోయాయి. ఒక ఫొటోలో చీర అంచున తన చెయ్యి కూడా పడింది, రంగు ఇంకిపోయిన గోళ్ళు, పగిలిన వేళ్ళు. అది కోసెయ్యవే, అంత పెద్ద కంపెనీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు అంటే వినలేదు. చెయ్యి ఉంటేనే చీరంట.

బస్సు కోటేకల్లు ఊరు దాటిందేమో, చల్లగాలి వచ్చింది, కాలువ పక్కన బట్టలు ఆరేసి ఉన్నాయి. చెప్పాలి. ఈ చెట్టు దాటాక చెబుదాం. చెట్టు దాటింది. అదిగో ఆ పంపుసెట్టు గది దాటాక. అదీ దాటింది. చెంప మీద చెయ్యి పెట్టి పెట్టి నిజంగానే పన్ను లాగుతున్నట్టుంది.

నిన్న సాయంకాలం. దీపం పెట్టే వేళ. భాగ్య దగ్గర పలకలాంటిదొకటుంది, దానికో పెన్ను, పలక మీద గీస్తే ఆ గీత కంప్యూటరు తెర మీద పడుతుంది. అన్ని బొమ్మలూ అయిపోయాయి, మొదటి బొమ్మ ఒక్కటే సరిచూసి ఎక్కించడమే తరువాయి, మొహం కడుక్కుని వస్తానని పిల్ల దొడ్లోకి పోయింది. తెర నిండా ఆ అంచు. ఎర్రటి ఎరుపు, తెల్లటి తెలుపు. ఎంత బాగుందంటే రుద్రమ్మకు భయం పుట్టింది. ఇంత బాగున్నదాన్ని ఎవరెవరో చూస్తారు, ఎక్కడెక్కడివాళ్ళో, ఏ కళ్ళతో చూస్తారో, మంచం మీద పడుకుని చూస్తారు, అన్నం తింటూ చూస్తారు, ఏడుస్తూ చూస్తారు. ఒకరిద్దరి కన్ను పడితేనే పచ్చటి చెట్టు వాడిపోతుందే, లోకమంతా చూస్తే ఏమైపోవాలి. ఆమె అత్త ఉన్నన్నాళ్ళూ మగ్గం మీద కొత్త అంచు ఎక్కిందంటే, మొదటి జానెడు నేసేలోగా చివరన ఒక నల్లపోగు పెట్టించేది. దిష్టిపోగు. కొనేవాళ్ళు అదేమిటని అడిగితే, మా ఇంటి గుర్తులే అనేవాడు మామ. నల్లపోగు పెట్టకుండా నేసిన చీర తమ ఇంట్లో ఒక్కటి లేదు. మరి ఈ చీరకు? నేయని చీరకు, పట్టుకుంటే చేతికి రాని చీరకు ఎవరు పెట్టాలి? పెన్ను అక్కడే ఉంది. తీసుకుని, చంటిపిల్ల బుగ్గ మీద కాటుక పెట్టినట్టు, మెల్లగా పలక మీద ఆనించింది. తెరపై పువ్వు రేకు మీద నల్లటి చుక్క పడింది. పడిందే! రుద్రమ్మకు ఒళ్ళు జలదరించింది, సంతోషంతోనో భయంతోనో. తుడుద్దామని కొంగు తీసింది. తెరను తుడిస్తే పోయేదా అది. దొడ్లో చెంబు చప్పుడు ఆగింది. పెన్ను కింద పెట్టి వంటింట్లోకి పోయి, ఎందుకో తెలియకుండానే మూత పెట్టిన గిన్నెకు మళ్ళీ మూత పెట్టింది. భాగ్య వచ్చి కూర్చుంది. చాలాసేపు అట్లాగే చూసింది. ఏదో నొక్కింది, ఇంకేదో నొక్కింది. "అయిపోయింది మా, పోయింది. బెంగళూరోళ్ళకు గూడా పంపినా" అన్నది, అలసిపోయిన గొంతుతో. మంచిదిలే అన్నది రుద్రమ్మ. మంచిది.

ఎందుకు పెట్టావంటే ఏం చెప్పాలి. నీకు మూడేళ్ళప్పుడు అని మొదలుపెట్టాలా. నీలకంఠేశ్వరుడి జాతరప్పుడు, కొత్త గౌను వేసి, తల దువ్వి, బుగ్గన చుక్క పెట్టి, ముందు ఫొటో తీయిద్దామని స్టూడియోకు తీసుకుపోయారు. స్టూడియో అతను పిల్లను స్టూలు మీద నిలబెట్టి, జేబురుమాలు నోటితో తడి చేసి, బుగ్గ మీది చుక్కను తుడిచేశాడు. ఫొటోలో మరకలా పడుతుందమ్మా, బొమ్మ పాడవుతుంది అన్నాడు. తను ఒక్క మాట అనలేదు. ఫొటో తీసేవాడికి తెలియదా అనుకుంది. ఆ పూట ఎందుకో మనసులో భయమే లేదు, బత్తాసులు కొన్నారు, రథం చూశారు, వీరభద్రప్ప ఏదో అంటే నవ్వింది కూడా, నవ్వి పక్కకు చూసేసరికి చేతిలో పిల్ల లేదు. జనం. జనం. మైకులో పేరు చెప్పించారు, ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది. గాజులబండి కింద కూర్చుని పగిలిన గాజుముక్కలు రంగుల ప్రకారం వరసలు పేరుస్తూ దొరికింది చీకటిపడే వేళకు. ఏడవనైనా ఏడవలేదు. ఎర్రవి ఇటు, పచ్చవి అటు. ఆ ఫొటో ఇప్పటికీ గోడ మీద ఉంది, బుగ్గ శుభ్రంగా. ఎవరొచ్చినా ఎంత ముద్దుగా ఉందో అంటారు. రుద్రమ్మ ఇప్పటికీ ఆ శుభ్రమైన బుగ్గ వైపు చూడకుండానే ఆ గోడ దాటుతుంది.

ఫొటోలు శుభ్రం చేయడం ఇప్పుడు భాగ్య పని. షాపులో రోజూ అదే, మొటిమలు తీసేయడం, నల్లగా ఉన్నవాళ్ళను తెల్లగా చేయడం, పెళ్ళికి రానివాళ్ళను పెళ్ళిలో నిలబెట్టడం. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే హనుమంతరాయుడని ఒకాయన పోతే, కర్మకు పెట్టే ఫ్లెక్సీ ఈ పిల్లే చేసింది. ఆయన ముక్కు పక్కన శనగగింజంత పులిపిరి ఉంటే, బాగుండదని తీసేసింది. ఫ్లెక్సీ కట్టాక వాళ్ళింటామె షాపుకు వచ్చి గొడవ చేసిందట. "ఎవురమ్మా ఈయన? మా ఇంటాయన కాదు. ముప్పైయేండ్లు ఆ పులిపిరిని సూస్తానే కాపురం జేసినా, అది యాడికి పాయ?" అని. షాపు యజమాని రాఘవేంద్ర నెత్తి కొట్టుకుని మళ్ళీ అచ్చు వేయించాడు. భాగ్య ఇంటికి వచ్చి చెబుతూ నవ్వింది, వీరభద్రప్ప దగ్గు వచ్చేదాకా నవ్వాడు. రుద్రమ్మ నవ్వలేదు. పోయిన మనిషి పులిపిరిని తీసేస్తే ఏమన్నా తగులుతుందేమో, ఎందుకైనా మంచిదని మరునాడు పిల్లకు ఉప్పు దిగదుడిచింది.

ఈ పొద్దు తెల్లవారగానే మరిది కొడుకు ఈరేష్‌ను పట్టుకుంది. "రేయ్, అక్క పేజీ సూపిచ్చరా" అంటే పళ్ళు తోముకుంటూనే ఫోను తీసి చూపించాడు. అరచేతిలో అంచు మెరిసింది. పువ్వు పక్కన చుక్క. పోలేదు. అక్కడే ఉంది, కాదు, తను పెట్టినచోట కాకుండా కొంచెం ఎడంగా ఉన్నట్టు అనిపించింది, చిన్న ఫోను కదా, చత్వారపు కళ్ళు కదా. వాడు రెండు వేళ్ళతో బొమ్మను సాగదీస్తే చుక్క పెద్దదైంది, మిరియపు గింజంత, రేగిపండంత, ఇంకా సాగదీస్తే తెరనంతా మింగేసేటట్టుంది. "సాలు సాలు రా" అన్నది. "శానా బాగుంది కదా పెద్దమ్మా, అక్క ఇంగ బెంగళూరే" అన్నాడు వాడు, నురగ ఉమ్మేసి. వాడి కంటికే కనబడలేదంటే వాడు చూడటం రానివాడు. కంపెనీవాళ్ళు అట్లా కాదు. శుభ్రత చూసేవాళ్ళు. ఒక్క మరక చూస్తారు, మొదటి బొమ్మ మీదే మరక, ఈ అమ్మాయికి కళ్ళు లేవా అనుకుంటారు, మూసేస్తారు. ఒక్క ముక్క రాస్తారు. పిల్ల ఆ ముక్క పైకి చదివి ల్యాప్‌టాప్ మూస్తుంది, ఈసారి మళ్ళీ తెరవదు. ఫ్లెక్సీ మిషను దగ్గర రంగుల వాసనలో నిలబడి నిలబడి, తలనొప్పితో బస్సెక్కి, ఇంటికొచ్చి గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంటుంది, ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు, ఆ కళ్ళు కూడా పోతాయి. ఎందుకు పోయింది అంటే వాళ్ళమ్మ వల్ల.

బస్సు నెమ్మదించింది. ముందర పత్తి లారీ, గర్భిణిలా రెండు పక్కలా ఉబ్బి, రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. కట్టిన పట్టా ఒక మూల ఊడి, పత్తిపీచు గాలిలోకి ఎగిరి వస్తోంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. "పోనీయన్నా, ఆ పత్తి ఎంట పోతే ఇంటికి పోయేలోపల పరుపు తయారైతాది" అన్నారెవరో, నవ్వారు. వెనక ముసలామె చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి వచ్చిన పీచు భాగ్య జుట్టులో ఇరుక్కుంది, నల్లటి జుట్టులో తెల్లగా. రుద్రమ్మ చెయ్యి దానంతట అదే లేచి, తీయబోయి, ఆగింది. తీస్తే ఏమంటుందో. తీసింది. భాగ్య కదల్లేదు. పెదవులు మాత్రం ఆడటం ఆగిపోయాయి. మెడ వెనక చెమట పట్టి ఉంది పిల్లకు. భయపడుతోంది. ఇంతసేపూ కోపమనుకుందే, ఇది కోపం కాదు, భయం, తనకు బాగా తెలిసిన సరుకు, తన ఇంటి నేత. ఈ పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది మరి. పుట్టినప్పటి నుంచి పక్కనే కూర్చుని చుట్టి ఇచ్చిందెవరు.

ఆదోని కొండలు కనిపించాయి, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండే ఆ బండలు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు మొదలయ్యాయి. గోడల మీద, కరెంటు తీగల మీద, తుమ్మచెట్ల మీద పత్తి దూది పట్టుకుని ఊరి మొదలంతా నెరిసినట్టుంది. ఇంక చెట్లు లేవు దాటడానికి. చెబితే నాలుగు కొట్టేలోపు తీసేసుకుంటుంది, షాపులో కంప్యూటరుంది, పిల్లకు అదెంత పని. చెబితే కోపం వస్తుంది, కోపంతో పోయి వాళ్ళ ముందు కూర్చుంటే మాట తడబడుతుంది, తడబడితే అది కూడా తన వల్లే. చెప్పకపోతే చుక్క ఉంటుంది. చుక్క తీస్తే దిష్టి. ఎటు పోయినా గోడే. అబ్బ, ఎంత అలుపు. ఎక్కడైనా దిగి ఆ దూది కుప్పల్లో పడుకుంటే, ఎవరూ లేపకపోతే.

"భాగ్యా" అన్నది. "ఆ ముందర బొమ్మ మీద సుక్క నేనే పెట్టినా. నిన్న నువ్వు దొడ్లోకి పోయినప్పుడు. దిష్టికని పెట్టినా. తుడుద్దామంటే రాలేదు. షాపుకు పోతానే తీసెయ్ తల్లీ, ఇంగా టైముంది. ఎట్ల తీయల్లో నాకు తెలీదు."

భాగ్య సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

బస్సు మార్కెట్ యార్డు ముందు ఆగింది, కొందరు దిగారు. మళ్ళీ కదిలింది. గుట్కా నములుతున్నతను కిటికీలోంచి ఉమ్మాడు. ఏమీ అనదేం. అను. తిట్టు. నీకేం తెలుసని ముట్టుకున్నావని అను, అనాల్సిన మాటే కదా. ఆటోలు అడ్డం వచ్చాయి, కండక్టరు తలుపు కొట్టి అరిచాడు, ఎవరిదో ఫోను మోగి మోగి ఆగిపోయింది. చెంప మీద చెయ్యి ఎప్పుడు జారిందో జారింది, పన్ను సంగతి ఎవరికి కావాలి ఇప్పుడు. చిన్నప్పుడు కూడా ఇంతే ఇది, ఏం పోగొట్టుకున్నా ఏడ్చేది కాదు, మూల కూర్చుని ఉన్నవాటిని వరస పెట్టుకునేది. ఇప్పుడు లోపల ఏం వరస పెడుతోందో. తను ఈ పక్క సీట్లో ఉండకూడదు. రాకుండా ఉండాల్సింది. ఈరేష్‌తో చెప్పించాల్సింది. పెన్ను ముట్టుకోకుండా ఉండాల్సింది. ఆ రోజు స్టూడియోలో నోరు తెరిచి, చుక్క తుడవద్దయ్యా అని ఉంటే, ఈ రోజు ఇదంతా ఉండేది కాదేమో.

బస్సు బస్టాండులోకి తిరిగి ఆగింది. ఇంజను ఆపేసరికి చెవుల్లో హోరు మిగిలింది. జనం లేచారు, తోసుకున్నారు. ముసలామె ఉల్లిగడ్డల మూట భుజానికెత్తుకుంటూ, "టైరు పంచర్ కాలేదు కదమ్మా, దిగు ఇంగ" అన్నది పోతూ పోతూ. రుద్రమ్మ లేవలేకపోయింది. భాగ్యా లేవలేదు. ల్యాప్‌టాప్ సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని, ఖాళీ అవుతున్న సీట్ల వైపు చూస్తోంది. మంత్రాలయం, మంత్రాలయం అని బయట ఎవరో అరుస్తున్నారు. బస్సులో వాళ్ళిద్దరే మిగిలారు. కండక్టరు లోపలికి తొంగి చూసి, ఏమనుకున్నాడో, టీ కొట్టు వైపు పోయాడు.

"చూసినా మా" అన్నది భాగ్య. గొంతు బొంగురుగా ఉంది, పొద్దుటి నుంచి వాడలేదు కదా. "నిన్న ఎక్కించేముందే చూసినా. నువ్వు కాక ఇంకెవురు పెడతారు. తీసేద్దామని చెయ్యి పోయింది గానీ, తీయబుద్ధి కాలేదు. కొంచెం పక్కకు జరిపినా, అంతే. నువ్వు పెట్టినచోట నాయన పువ్వు మీద పడతాండె."